కల్నల్ సీకే నాయుడు: భారత క్రికెట్ తొలి కెప్టెన్

కొఠారి కనకయ్య నాయుడు (1895 అక్టోబర్ 31 – 1967 నవంబర్ 14) భారత టెస్టు క్రికెట్ జట్టుకు మొదటి కెప్టెన్. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టి, ఇండోర్ హోల్కర్ సంస్థానంలో సైనికాధికారిగా బతికి, దేశమంతటికీ ‘సీకే’ అయిన ఆటగాడు. నాయకత్వం వహించిన టెస్టులు నాలుగే. వాటిలో మూడు ఓడిపోయాడు, ఒకటి డ్రా చేశాడు. మొత్తం ఆడిన టెస్టులు ఏడు, చేసిన పరుగులు 350, తీసిన వికెట్లు 9. ఈ లెక్క ఒక్కటే చేతిలో పెడితే ఇతణ్ని అంతగా తలుచుకోవడం దేనికని ఈనాటి కుర్రాడు అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం ఆ ఏడు టెస్టుల బయట ఉంది. టెస్టుల్లో మొదటి బంతి ఆడేనాటికే సీకేకి 36 ఏళ్లు నిండాయి. భారత జట్టంటూ ఒకటి లేని రోజుల్లో పదహారేళ్లు ఆడి, ఆ జట్టు ఏర్పడడానికి కారకులైన కొద్దిమందిలో ఒకడయ్యాడు. కెప్టెన్సీ పుట్టుకను బట్టి, హోదాను బట్టి దక్కే కాలంలో దాన్ని ఆటతో సంపాదించుకున్నాడు. ఆ పదవిని అతని చేతిలోంచి తీసుకున్నది కూడా మళ్లీ హోదాయే. అతని జీవితంలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే.

నాగపూర్, దాని పక్కనున్న కామ్‌టీ కంటోన్మెంటు తెలుగువాళ్లకు కొత్త ఊళ్లు కావు. మద్రాసు సైన్యంతో పాటు, పనులతో పాటు పంతొమ్మిదో శతాబ్దంలోనే చాలా కుటుంబాలు అటు చేరాయి. సీకే తాత నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో పేరున్న వకీలు, భూస్వామి, కాంగ్రెస్ తొలినాళ్ల సభ్యుల్లో ఒకరు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదువుకున్నారు. అక్కడ రంజిత్‌సిన్హ్‌జీతో ఆయనకు పరిచయం. ఇంగ్లండు తరఫున ఆడి ప్రపంచాన్ని ముగ్ధం చేసిన రంజీ పేరు ఆ ఇంట్లో చుట్టం పేరులాగే వినిపించేదన్నమాట. సీకే హిస్లాప్ కాలేజియేట్ హైస్కూల్లో చదివాడు, ఆ బడి జట్టుకు కెప్టెన్ అయ్యాడు. తమ్ముళ్లలో సి.ఎస్.నాయుడు కూడా తర్వాత భారత్‌కు ఆడాడు. ఈ పేర్లలోని మొదటి అక్షరం కొఠారి అనే ఇంటిపేరును ‘సి’తో రాసిన ఆనాటి అలవాటు నుంచి వచ్చింది.

1916లో బొంబాయి చతుర్ముఖ పోటీల్లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద సీకే మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడాడు. అప్పటికి దేశంలో పెద్ద క్రికెట్ అంటే అదే. హిందువులు, పార్సీలు, ముస్లింలు, యూరోపియన్లు మతాన్ని బట్టి నాలుగు జట్లుగా విడిపోయి ఆడేవాళ్లు. 79 పరుగులకు 7 వికెట్లు పడ్డాక తొమ్మిదో నెంబరులో దిగిన ఇరవయ్యేళ్ల కుర్రాడు మూడు బంతులు అడ్డుకుని నాలుగో బంతిని సిక్సరు కొట్టాడు. అతని మొదటి పరుగులు ఆ ఆరే. ఆ తర్వాత నలభై ఏడేళ్లకు కూడా అతను ఫస్ట్‌క్లాస్ మైదానంలో కనిపించాడు.

ఆ హిందూ జట్టులో ఆడిన మరో కుటుంబం గురించి ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే కెప్టెన్సీ అనే మాటకు ఆ రోజుల్లో ఎంత బరువుండేదో అప్పుడే తెలుస్తుంది. పాల్వంకర్ బాలూ ఆ కాలపు గొప్ప ఎడమచేతి స్పిన్నరు. దళితుడు కావడం వల్ల అతనికి హిందూ జట్టు కెప్టెన్సీ ఎన్నడూ దక్కలేదు. జనం, పత్రికలు గట్టిగా అడిగాక 1923లో అతని తమ్ముడు విఠల్‌కు దక్కింది. సీకే ఎదిగింది ఈ వాతావరణంలో. ఎవరు బాగా ఆడతారన్నది ఒక ప్రశ్న, ఎవరు ముందు నడవాలన్నది వేరే ప్రశ్న. ఆ రెండిటికీ ఒకే జవాబు రావడానికి దేశానికి చాలా ఏళ్లు పట్టింది.

1923లో ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ సీకేని పిలిపించి తన సైన్యంలో కొలువిచ్చాడు. క్రికెటర్లకు సంస్థానాలే అన్నం పెట్టే రోజులవి. బోర్డు జీతాలు, కాంట్రాక్టులు ఊహలో కూడా లేవు. కెప్టెన్ హోదాలో చేరిన సీకే తర్వాత కల్నల్ అయ్యాడు. యూనిఫారం అతనికి ఉత్త అలంకారం కాదు. ఆరడుగులకు పైబడిన మనిషి, నిటారు నడక, తక్కువ మాట. దెబ్బ తగిలితే మైదానంలో రుద్దుకోవడం అతనికి నచ్చదు, తన జట్టులో ఎవరు రుద్దుకున్నా ఊరుకునేవాడు కాదు.

ఇక 1926. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఇంగ్లండు నుంచి ఎంసీసీ జట్టు మన దేశానికి వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల మీద ఆడుతూ మొదటి ఇన్నింగ్సులో 363 చేసింది. గై ఎర్ల్ ఒక్కడే 130 దంచాడు. ఆ మర్నాడు సీకే వంతు. 116 నిమిషాల్లో 153 పరుగులు, వాటిలో 13 ఫోర్లు, 11 సిక్సర్లు. ఒక సిక్సరు జింఖానా భవనం పైకప్పు మీద పడింది. వార్త ఊళ్లోకి పాకేకొద్దీ ఆఫీసుల్లోంచి జనం పరిగెత్తుకొచ్చారు. మైదానంలో చోటు చాలక చెట్లెక్కారు, చుట్టుపక్కల మేడలెక్కారు. ఇంగ్లిషు బౌలర్లను ఒక భారతీయుడు ఆ విధంగా బాదడం వాళ్లు కళ్లారా చూసింది అప్పుడే. ఎంసీసీ వాళ్లు అతనికి వెండి బ్యాటు బహూకరించారు.

ఆ ఇన్నింగ్సు ఒక మధ్యాహ్నపు వినోదంతో ఆగిపోలేదు. భారతీయులు టెస్టు స్థాయిలో ఆడగలరని గిల్లిగన్‌కు నమ్మకం కుదిరింది. మీకంటూ ఒక బోర్డు పెట్టుకోండని ఇక్కడి పెద్దల్ని ప్రోత్సహించాడు. 1928 డిసెంబరులో బీసీసీఐ పుట్టింది. ఒక్క ఇన్నింగ్సు వల్లే బోర్డు వచ్చిందనడం అతిశయోక్తి అవుతుంది కానీ, దాని పునాదిలో ఆ పదకొండు సిక్సర్లు ఉన్నాయనడంలో తప్పులేదు.

1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడడానికి ఇంగ్లండు బయలుదేరింది. కెప్టెన్ ఎవరు? జంగారెడ్డిగూడెం మెట్టలోనైనా, ఏలూరు దగ్గర కొల్లేటి ఒడ్డు పల్లెల్లోనైనా సంక్రాంతికి టెన్నిస్ బంతితో ఆడుకునే పిల్లల్ని అడిగితే చెబుతారు: బ్యాటు ఎవడిదైతే కెప్టెన్ వాడే. పెద్దవాళ్ల క్రికెట్లోనూ అప్పుడు అదే న్యాయం నడిచింది. పర్యటనలకు డబ్బు పెట్టేది రాజులు కాబట్టి నాయకత్వం రాజులదే. మొదట పాటియాలా మహారాజు పేరు వచ్చింది, ఆయన తప్పుకున్నాడు. పోర్‌బందర్ మహారాజు కెప్టెన్‌గా, లింబ్డీ యువరాజు వైస్ కెప్టెన్‌గా ఓడెక్కారు. పోర్‌బందర్ మహారాజు మంచి మనిషి, మర్యాదస్తుడు. బ్యాటింగ్ మాత్రం రాదు. పర్యటన మొత్తం మీద ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో ఆయన చేసింది రెండే పరుగులు. ఆ సంగతి తనకే తెలుసు కనుక హుందాగా పక్కకు తప్పుకున్నాడు. లింబ్డీకి గాయమైంది. అలా లార్డ్స్ టెస్టుకు నాయకత్వం సీకే దగ్గరికి వచ్చింది.

అదీ సాఫీగా జరగలేదు. ఒక మామూలు ఉద్యోగి కింద ఆడడం ఇష్టంలేని కొందరు ఆటగాళ్లు టెస్టు ముందురోజు రాత్రి ఎదురు తిరిగారని, వేళగాని వేళలో మహారాజును నిద్రలేపి మొరపెట్టుకున్నారని, ఆయన వాళ్ల మాట వినక సీకేనే ఖాయం చేశాడని క్రికెట్ చరిత్రకారులు చెబుతారు. ఇందులో అంగీకరించాల్సిన గొప్పతనం పోర్‌బందర్ మహారాజుది కూడా. తనకు రాని పని వచ్చినవాడికి అప్పగించడం ఆ తరం రాజుల్లో చాలామందికి చేతకాలేదు.

1932 జూన్ 25, శనివారం. టాసుకు నడిచిన ఇద్దరు కెప్టెన్లూ భారతదేశంలో పుట్టినవాళ్లే. ఒకడు నాగపూర్‌వాడు, రెండోవాడు బొంబాయి మలబార్ హిల్‌లో పుట్టిన డగ్లస్ జార్డిన్. అదే ఏడు చలికాలంలో ఆస్ట్రేలియాలో ఒంటి మీదికి బంతులు వేయించే ‘బాడీలైన్’తో ప్రపంచాన్ని అట్టుడికించినవాడు. టాసు జార్డిన్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. ఆ తర్వాత అరగంటలో జరిగింది చదివితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మహమ్మద్ నిస్సార్ వేగానికి సట్‌క్లిఫ్, హోమ్స్ వికెట్లు ఎగిరిపోయాయి. మలయా నుంచి వచ్చి జట్టులో చేరిన లాల్ సింగ్ చిరుతలా కదిలి వూలీని రనౌట్ చేశాడు. 19 పరుగులకు 3 వికెట్లు. ఇంగ్లండు ప్రేక్షకులు పేర్లు పలకడానికి తంటాలు పడుతున్న జట్టు, ప్రపంచంలోకెల్లా బలమైన బ్యాటింగ్ వరసను ఆ స్థితికి తెచ్చింది.

జార్డిన్ 79, ఏమ్స్ 65 చేసి ఇంగ్లండును 259 దాకా లాక్కెళ్లారు. నిస్సార్‌కు 5 వికెట్లు. ఏమ్స్ కొట్టిన బంతిని పట్టబోయి సీకే చెయ్యి గాయపరచుకున్నాడు. ఆ చేత్తోనే బ్యాటింగ్‌కు దిగి 40 పరుగులు చేశాడు. భారత్ చేసిన 189లో అందరికంటే ఎక్కువ అదే. రెండో ఇన్నింగ్సులో జార్డిన్ మళ్లీ అడ్డుగోడ అయ్యాడు, 85 నాటౌట్. పాలియా, నజీర్ అలీ కూడా గాయపడ్డారు. భారత్ 187కి ఆలౌటై 158 పరుగులతో ఓడింది. తొమ్మిదో నెంబరులో వచ్చి అమర్ సింగ్ కొట్టిన 51 టెస్టుల్లో ఒక భారతీయ ఆటగాడి మొదటి అర్ధ శతకం. ఓటమే అయినా మూడు రోజుల టెస్టు ఆడడానికి ఈ జట్టు తగునా అన్న అనుమానం మొదటి ఉదయమే తీరిపోయింది.

ఆ వేసవిలో సీకే పడ్డ శ్రమ వేరు. పర్యటనలోని 26 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లూ ఆడాడు. 1,618 పరుగులు, 65 వికెట్లు. ఒకపక్క బ్యాటింగ్‌లో జట్టుకు వెన్నెముక, మరోపక్క గంటల తరబడి మీడియం పేస్ బౌలింగ్, పైగా సగం మంది తన మాట మనస్ఫూర్తిగా వినని జట్టుకు నాయకత్వం. ఎడ్జ్‌బాస్టన్‌లో కొట్టిన ఒక సిక్సరు మైదానం పక్కనున్న రియా నది దాటి పడింది. ఆ నది రెండు కౌంటీలకు సరిహద్దు కనుక బంతి వార్విక్‌షైర్‌లో లేచి వూస్టర్‌షైర్‌లో పడిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంగ్లండు క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ 1933 సంచికలో ఆ ఏటి ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకడిగా అతణ్ని ఎంచింది. రంజీ, దులీప్, పటౌడీలకు ఆ గౌరవం ఇంగ్లండులో కౌంటీలకు ఆడినందుకు వచ్చింది. భారత జట్టుకు ఆడి సంపాదించిన మొదటివాడు సీకే.

1933 డిసెంబర్ 15న మన గడ్డ మీద మొదటి టెస్టు బొంబాయి జింఖానాలో మొదలైంది. ఏడేళ్ల కిందట సిక్సర్లు కురిసిన ఆ మైదానంలోనే. ఈసారి జార్డినే అతిథి. రెండో ఇన్నింగ్సులో జట్టు కష్టాల్లో పడ్డాక, మొదటి టెస్టు ఆడుతున్న లాలా అమర్‌నాథ్, కెప్టెన్ కలిసి మూడో వికెట్‌కు 186 పరుగులు జోడించారు. అమర్‌నాథ్ 118, భారత్ తరఫున మొదటి టెస్టు సెంచరీ. అవతలి కొసన నిలబడి ఆ కుర్రాణ్ని నడిపించిన సీకే స్కోరు 67. జనం మైదానంలోకి దూకారు, ఆడవాళ్లు నగలు తీసి అమర్‌నాథ్‌కు కానుకలిచ్చారు. మ్యాచ్ ఇంగ్లండుదే, తొమ్మిది వికెట్ల తేడాతో. కలకత్తాలో డ్రా, చెపాక్‌లో ఓటమి. అక్కడితో సీకే టెస్టు కెప్టెన్సీ ముగిసింది. అప్పుడది ముగింపని ఎవరికీ తెలియదు.

1936 ఇంగ్లండు పర్యటనకు కెప్టెన్‌గా విజయనగరం మహారాజ్‌కుమార్ విజయానంద గజపతిరాజు ఎంపికయ్యాడు. క్రికెట్ లోకానికి ‘విజ్జీ’. పూసపాటి వంశంవాడు, కాపురం కాశీలో. క్రికెట్ మీద అతని ప్రేమను శంకించలేం. 1930-31లో ఇంగ్లండు బ్యాటర్లు హాబ్స్‌నూ సట్‌క్లిఫ్‌నూ తన ఖర్చుతో ఇక్కడికి రప్పించి ఆడించాడు. కానీ టెస్టు స్థాయి బ్యాటింగ్ అతనికి లేదు, అందరినీ కలుపుకుపోయే గుణమూ లేదు. మూడు టెస్టుల్లో కలిపి చేసింది 33 పరుగులు. పర్యటన మధ్యలో అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో ఇంటికి పంపేశారు. జట్టు సీకే వర్గం, విజ్జీ వర్గం అని రెండుగా చీలింది. బ్రేక్‌ఫాస్ట్ బల్ల దగ్గర అందరి ముందూ సీకేని అవమానించినందుకే బాకా జిలానీకి ఓవల్ టెస్టులో చోటు దక్కిందని అదే జట్టులో ఉన్న కోటా రామస్వామి తర్వాతి కాలంలో చెప్పారు.

ఈ రామస్వామిని కూడా తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాలి. మద్రాసు క్రికెట్‌కు తండ్రిలాంటి బుచ్చిబాబు నాయుడి కొడుకు. 1922లో డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడి, పద్నాలుగేళ్ల తర్వాత నలభయ్యో ఏట టెస్టు క్రికెట్‌లో దిగాడు. మాంచెస్టర్‌లో 40, 60 చేశాడు. ఆ మాంచెస్టర్ జట్టును చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. పదకొండు మందిలో నలుగురు తెలుగువాళ్లు: విజ్జీ, సీకే, సి.ఎస్.నాయుడు, రామస్వామి. ఒకరు విజయనగరం పేరుతో కాశీలో, ఇద్దరు నాగపూర్ నుంచి, ఒకరు మద్రాసు నుంచి. ఒక్కరి చిరునామా కూడా నేటి ఆంధ్ర, తెలంగాణల్లో లేదు. ఒక తెలుగువాడి అహం కారణంగా మరో తెలుగువాడు వెనక్కి నెట్టబడ్డ కథ కూడా ఇదే. బాధగా ఉన్నా రాయక తప్పదు.

ఓవల్‌లో సీకే ఏం చేశాడన్నది చూడాలి. హామండ్ డబుల్ సెంచరీతో ఇంగ్లండు 471 చేసింది. భారత్ 222కి ఆలౌటై ఫాలో ఆన్ ఆడింది. గబ్బీ అలెన్ విసిరిన బంతి సీకే గుండె కింద బలంగా తగిలింది. వయసు నలభై. తనకు గౌరవం లేని జట్టు, ఓడిపోతున్న మ్యాచ్. పెవిలియన్‌కు వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టరు. అతను వెళ్లలేదు. ఊపిరి అందుకుని, మళ్లీ స్టాన్స్ తీసుకుని 81 పరుగులు చేశాడు. టెస్టుల్లో అతని అత్యధిక స్కోరు అదే, ఆఖరి ఇన్నింగ్సు కూడా అదే. ఇన్నింగ్స్ ఓటమి తప్పింది. పర్యటన మీద విచారించిన బోమాంట్ కమిటీ 1937లో విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, భారత్ మళ్లీ టెస్టు ఆడింది 1946లో. అప్పటికి సీకేకి యాభై ఏళ్లు.

చాలామంది కథ ఇక్కడితో అయిపోతుంది. సీకే కెప్టెన్సీలో అన్నిటికంటే పండిన కాలం నిజానికి ఆ తర్వాతే వచ్చింది. 1934-35లో రంజీ ట్రోఫీ మొదలైంది. 1940 దశకంలో హోల్కర్ జట్టును సీకే ఒక సైనిక పటాలంలా తీర్చిదిద్దాడు. ఇండోర్ వీధుల్లో బంతి కొడుతున్న ముస్తాక్ అలీని కుర్రతనంలోనే పసిగట్టి దగ్గరకు తీసింది అతనే. ఆ ముస్తాక్ 1936లో మాంచెస్టర్‌లో సెంచరీ కొట్టి, విదేశీ గడ్డ మీద టెస్టు శతకం చేసిన తొలి భారతీయుడయ్యాడు. చందూ సర్వటే, నింబాల్కర్, జగ్దాలే, భాయా, హీరాలాల్ గైక్వాడ్, తమ్ముడు సి.ఎస్. వీళ్లంతా ఆ జట్టులోని వాళ్లు. సీకే నాయకత్వం వహించిన తొమ్మిదేళ్లలో హోల్కర్ ఎనిమిదిసార్లు ఫైనల్ చేరింది, నాలుగుసార్లు గెలిచింది: 1945-46, 1947-48, 1950-51, 1952-53. బొంబాయికి సమ ఉజ్జీగా అంతకాలం నిలబడ్డ మరో జట్టు ఆ రోజుల్లో లేదు.

ఓడిన ఫైనళ్లలో కూడా ఒకటి మరపురానిది. 1944-45లో బొంబాయి మీద. యుద్ధకాలంలో సైన్యంతో ఇక్కడికొచ్చిన డెనిస్ కాంప్టన్ హోల్కర్‌కు ఆడి 249 నాటౌట్ చేశాడు. అయినా 374 పరుగులతో ఓటమి. ఆ మ్యాచ్‌లో సి.ఎస్.నాయుడు వేసిన బంతులు 917. ఒక్క మ్యాచ్‌లో అన్ని బంతులు వేసిన బౌలరు ఫస్ట్‌క్లాస్ చరిత్రలో మరొకడు లేడు. అన్న బంతి చేతికిస్తే తమ్ముడు వేస్తూ పోయాడు. పని చెప్పడంలో ఇంటివాడు, బయటివాడు అనే తేడా సీకేకి లేదనడానికి అదొక్కటి చాలు.

మరుసటి ఏడు సెమీఫైనల్లో మైసూరు మీద హోల్కర్ 8 వికెట్లకు 912 చేసి డిక్లేర్ చేసింది. ఒకే ఇన్నింగ్సులో ఆరుగురు సెంచరీలు కొట్టారు, ఆ ఆరుగురిలో సీకే ఒకడు, 101. తర్వాత బరోడా మీద ఫైనల్లో 200. అతని ఫస్ట్‌క్లాస్ జీవితంలో అత్యధిక స్కోరు యాభై నిండాక వచ్చింది. 1951-52 ఫైనల్లో బొంబాయి బౌలర్ దత్తూ ఫడ్కర్ బంతి మొహానికి తగిలి పళ్లు ఊడాయని, వాటిని పిచ్ మీంచి బ్యాటుతో పక్కకు నెట్టి, వేగం తగ్గించొద్దని ఫడ్కర్‌కు చెప్పి ఆట కొనసాగించాడని అంటారు. అప్పుడు వయసు 56, ఆ ఇన్నింగ్సులో చేసినవి 66.

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టింది, ఆ సీజన్లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. కెప్టెన్ సీకే. యాభై ఎనిమిదేళ్ల వయసులో, నాలుగు ట్రోఫీలు గెలిచిన మనిషి, మొదటి అడుగు వేస్తున్న జట్టుతో బరిలోకి దిగాడు. కాలేజీ మైదానాల్లో కొబ్బరి పీచు మ్యాటింగ్ మీద ఆట నేర్చిన కుర్రాళ్లు వాళ్లు. గుంటూరులోనైనా, కాకినాడలోనైనా, ఏలూరులోనైనా క్రికెట్ అంటే అప్పుడు కాలేజీ ఆటే. వాళ్ల పక్కన లార్డ్స్‌లో భారత్‌ను నడిపించినవాడు నిలబడ్డాడు. ముందు దేశానికి తొలి కెప్టెన్, ఆ తర్వాత తెలుగు రాష్ట్రానికి తొలి కెప్టెన్. రెండోదాని గురించి మన బడి పుస్తకాల్లో, పోటీ పరీక్షల గైడ్లలో పెద్దగా కనిపించకపోవడం అన్యాయం. హైదరాబాదు తరఫునా అతను ఆడాడు కనుక తెలంగాణకూ అతని మీద హక్కుంది.

అంతటితోనూ ఆగలేదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ కెప్టెన్‌గా, అరవై దాటాక, రాజస్థాన్ మీద 84 చేశాడు. వినూ మన్కడ్ బౌలింగ్‌లో రెండు సిక్సర్లు కొట్టాడు. 1963-64లో జాతీయ రక్షణ నిధి కోసం జరిగిన మ్యాచ్‌తో అతని ఫస్ట్‌క్లాస్ లెక్క పూర్తయింది. 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 సెంచరీలు, 411 వికెట్లు. 1910 దశకంలో మొదలై ఆరు దశకాలను తాకిన ఆట.

మైదానం బయట కూడా కొన్ని పనులకు అతనే మొదటివాడు. 1941లో బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటనలో కనిపించి, ఒక సరుకును సిఫారసు చేసిన తొలి భారతీయ క్రికెటర్ అయ్యాడు. 1956లో పద్మభూషణ్ అందుకున్న తొలి క్రికెటర్ కూడా అతనే. జాతీయ సెలెక్టర్‌గా, బోర్డు ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు. ఆ పదవుల్లో అతని మాట కరుకుగా ఉండేదని, కుర్రాళ్లు దగ్గరికి వెళ్లడానికి జంకేవారని సమకాలికులు రాశారు. అది నిజమే అయివుంటుంది. సొంత శరీరం మీద జాలి చూపని మనిషి ఇతరుల అలసటను అర్థం చేసుకోవడం కష్టం. నాయకుడిగా అతని లోపం ఏదైనా ఉందంటే అది ఇదే. జనాన్ని కలుపుకోవడానికి నాలుగు మెత్తని మాటలు కావాలి. అవి అతని దగ్గర లేవు. 1932లో, 1936లో జట్టు చీలడానికి ఎదుటివాళ్ల అసూయతో పాటు ఈ బిరుసుతనమూ కొంత కారణం.

1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశాడు. కూతురు చంద్రా నాయుడు ఆ ఊళ్లోనే ఇంగ్లిషు ప్రొఫెసరుగా పనిచేశారు. 1977లో బొంబాయి, ఎంసీసీ జట్ల మ్యాచ్‌కు మైకు పట్టుకుని దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరిగా నిలిచారు. తండ్రి శతజయంతి ఏడు 1995లో ఆయన మీద ఒక పుస్తకం రాశారు. 2021లో ఆవిడా వెళ్లిపోయారు.

బీసీసీఐ ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం 1994 నుంచి సీకే పేరునే ఉంది. మొదటి ఏడు దాన్ని అందుకున్నది లాలా అమర్‌నాథ్. 1933లో సీకే పక్కన నిలబడి సెంచరీ కొట్టినవాడు, 1936లో విజ్జీ కెప్టెన్సీలో ఇంటిదారి పట్టాల్సి వచ్చినవాడు. ఇక రాష్ట్రాల కుర్రాళ్లు నాలుగు రోజుల మ్యాచ్‌లు ఆడే బోర్డు పోటీ పేరు కల్నల్ సి.కె.నాయుడు ట్రోఫీ. ఆంధ్ర, హైదరాబాదు జట్లు ఏటా అందులో ఆడతాయి. జంగారెడ్డిగూడెం నుంచో తాడేపల్లిగూడెం నుంచో ఒక కుర్రాడు జిల్లా సెలక్షన్లు దాటి రంజీ జట్టు తలుపు తట్టాలంటే, సాధారణంగా ముందు ఆ ట్రోఫీలో పరుగులు చెయ్యాలి, వికెట్లు తియ్యాలి.